నీళ్లలో పట్టుకున్న చేయి

ఆ అబ్బాయి పడవలోకి నల్లటి లెదర్ బూట్లతో ఎక్కాడు. ఆరాకు అనుమానం మొదలైంది అక్కడే.

సముద్రం మీద ఒక రోజు షికారు. పొద్దున బయల్దేరి దీవికి వెళ్లడం, దారిలో నీళ్లలో మునిగి చేపల్ని చూడటం, సాయంత్రానికి తిరిగి రావడం. వచ్చిన వాళ్లందరూ రబ్బరు చెప్పులు, పొట్టి నిక్కర్లు, పూల చొక్కాలతో ఉన్నారు. అతనొక్కడే ఇస్త్రీ ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా వేసుకుని ఇంటర్వ్యూకి వచ్చినట్టు నిలబడ్డాడు. కాటమరాన్ మీద బూట్లు కుదరవని సిబ్బంది చెబితే విప్పాడు కానీ, అందరిలా బుట్టలో వేయలేదు. చంకలో పెట్టుకున్నాడు.

"ఆ బూట్లలో ఏదో ఉంది పిన్నీ," అంది ఆరా గొంతు తగ్గించి.

"పాదాలుంటాయి. ఇప్పుడవి కూడా లేవు," అంది పిన్ని.

ఆరా అన్నది ఆమె అసలు పేరు కాదు. ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు నిజమో కాదో ఆరా తీసే ఉద్యోగం ఆమెది. కాలిపోయిన గోడౌన్లు, కనబడకుండా పోయిన కార్లు, ఒకే మెట్టు మీద పదే పదే జారిపడే మనుషులు ఆమె దగ్గరికి వస్తారు. సగం మంది ఆమె చూపు చూసే నిజం చెప్పేస్తారు. ఆఫీసులో ఎవడో సరదాగా తగిలించిన పేరు ఇంటిదాకా వచ్చి స్థిరపడింది.

ఆ రోజు ఆమె ఆరా తీయవలసింది మాత్రం సొంత పిన్నినే.

అమ్మ పోయాక ఆరాను తెచ్చి పెంచింది పిన్ని. బజారులో కళ్లద్దాల షాపు నడుపుతూ, షాపు వెనక గదిలోనే ఆరాకు అన్నం పెట్టి, ఎక్కాలు నేర్పింది. తనకు సంబంధాలు వచ్చినప్పుడల్లా "ముందు దీని చదువు కానీండి" అనేది. చదువైంది, ఉద్యోగం వచ్చింది. అప్పటికి సంబంధాలు రావడం మానేశాయి. పిన్ని ఎప్పుడూ దాని గురించి మాట్లాడలేదు, ఆరా అడగలేదు.

అలాంటి పిన్ని ఈ మధ్య మారింది. నడుం నొప్పికి మంచిదంటూ ఈత నేర్చుకోవడం మొదలుపెట్టింది. షాపు తొందరగా మూసేస్తోంది. ఫోన్ చూసి తనలో తాను నవ్వుకుంటోంది, ఆరా గదిలోకి రాగానే ఆ నవ్వును దాచుకుంటోంది. పోయిన వారం అన్నం తింటూ ఉన్నట్టుండి, "ఆదివారం దీవికి వెళ్తున్నాను. ఒక్కదాన్నే. నువ్వు రాకులే, నీకు ఎండ పడదు," అంది.

వద్దన్నాక ఆరా రాకుండా ఎలా ఉంటుంది?

కాటమరాన్ రేవు దాటింది. రెండు సన్నటి పడవల్ని పక్కపక్కన బిగించి, ముందుభాగంలో మధ్య ఖాళీకి వల కట్టినట్టు ఉంటుంది అది. జనం ఆ వల మీద వాలిపోయి కింద పరిగెత్తే నీళ్లను చూస్తున్నారు. పిన్ని ఒక అంచున కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటోంది. దూరంగా రెండో అంచున గడ్డి టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి సముద్రాన్ని చాలా శ్రద్ధగా చూస్తున్నాడు. ఆయన చూస్తున్న వైపు ఏమీ లేదు.

బూట్ల అబ్బాయి ఫోన్ ఎత్తి ఫోటో తీశాడు. సముద్రం కుడివైపు ఉంది. ఫోన్ ఎడమవైపు, పిన్ని వైపు ఉంది.

ఆరా లేచి వెళ్లి అతని పక్కన కూర్చుంది.

"సముద్రం అటుందండీ."

అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "వెలుతురు ఇటు బాగుంది," అని, "ఆవిడ మీ అమ్మగారా?" అన్నాడు.

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే ఎవరూ ఏదీ అడగరు. మా పిన్ని."

"ఏం చేస్తుంటారు?"

"కళ్లద్దాల షాపు."

"సొంత షాపా, అద్దెదా?"

ఆరా చెవులు నిక్కబొడుచుకున్నాయి. పరిచయమైన అయిదు మాటల్లో ఆస్తి దగ్గరికి వచ్చినవాడిని ఆమె ఇంతవరకు ఆఫీసులోనే చూసింది.

"మీరేం చేస్తారు?"

"లిఫ్టులండీ."

"లిఫ్టులు ఇస్తారా, ఎత్తుకుపోతారా?"

"రిపేరు చేస్తాను. పెద్ద బిల్డింగుల్లో." అతనికి నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాడు. "మా మావయ్యకి తోడుగా వచ్చాను. అదిగో, టోపీ."

టోపీ పెద్దమనిషి ఇటు తిరగబోయి, పిన్ని కూడా ఇటే చూస్తోందని గమనించి, చటుక్కున ఏమీ లేని వైపుకు తిరిగిపోయాడు.

"మీ పిన్నిగారు ఇలా తరచూ వెళ్తుంటారా? కొత్తవాళ్లతో స్నేహాలు చేస్తుంటారా?" అన్నాడు బూట్ల అబ్బాయి.

"మా పిన్ని స్నేహాల సంగతి మీకెందుకు?"

"ఊరికే."

"ఇంకోసారి ఊరికే అంటే ఫోన్ తీసుకుని ఫోటోలు చూస్తాను."

అతను ఆ మాట అనలేదు. బూట్లు రెండో చంకలోకి మార్చుకున్నాడు.

*

పగడపు దిబ్బ దగ్గర పడవ ఆపారు. నీళ్లు అక్కడ ముదురు నీలం నుంచి లేత ఆకుపచ్చకు తిరిగాయి. సిబ్బంది అందరికీ కళ్లూ ముక్కూ కప్పే అద్దపు మాస్కులు, ఊపిరి పీల్చుకునే గొట్టాలు, కాళ్లకు తొడుక్కునే రెక్కలు పంచారు. మొహం నీళ్లలో పెట్టి, గొట్టం పైకి ఉంచి, తేలుతూ చూడటమే స్నోర్కెలింగ్. ఈత రానివాళ్లకు లైఫ్ జాకెట్లు.

"నువ్వు నా పక్కనే ఉండు పిన్నీ," అంది ఆరా.

"పక్కనే ఉంటాను," అంది పిన్ని. మరుక్షణం చేపపిల్లలా దిగిపోయింది.

ఆరాకు ఈత బాగా వచ్చు. చిన్నప్పుడు పిన్నే పట్టుబట్టి నేర్పించింది, తనకు రాకపోయినా. ఆమె మొహం నీళ్లలో పెట్టగానే పైనున్న గోల మొత్తం ఆగిపోయింది. తన ఊపిరి తనకే గొట్టంలోంచి గురకలా వినబడుతోంది. కింద ఊదా రంగు పగడాలు, విసనకర్రల్లా ఊగే నాచు, పసుపు చారల చేపల గుంపు. ఒక చిన్న నీలం చేప ఆమె మాస్కు ముందుకొచ్చి నిలబడి, నీ పేరేమిటన్నట్టు చూసింది. ఆరాకు అంతా మర్చిపోవాలనిపించింది. కానీ మర్చిపోలేదు. పిన్ని ఎర్ర ఈత దుస్తులు ఎటు వెళ్లాయో వెతికింది.

దిబ్బ మలుపులో కనబడింది పిన్ని. ఆమె పక్కన ఇంకొకరు తేలుతున్నారు. పైనుంచి చూస్తే రెండు గొట్టాలు, ఒకదానికొకటి సంబంధం లేనట్టు. నీళ్ల కింద మాత్రం పిన్ని ఎడమ చేయి ఆ మనిషి కుడి చేతిలో ఉంది. గట్టిగా పట్టుకున్న పట్టు కాదు. వేళ్లలో వేళ్లు అలవాటుగా ఇమిడిపోయి ఉన్నాయి. ఆయన రెండో చేత్తో కింద దేన్నో చూపించాడు. పిన్ని నవ్వింది కాబోలు, గొట్టం పక్కనుంచి బుడగలు పైకి లేచాయి.

ఆ మనిషి టోపీ లేకుండా ఉన్నాడు. అయినా ఆరా గుర్తుపట్టింది.

ఆమె నోటినిండా ఉప్పునీళ్లు పడ్డాయి. దగ్గుతూ తల పైకెత్తి, పడవ వైపు ఈదింది.

పడవ వెనక మెట్ల దగ్గర బూట్ల అబ్బాయి కూర్చుని ఉన్నాడు. లైఫ్ జాకెట్ తాళ్లన్నీ మెడదాకా బిగించుకుని, రెండు చేతులతో మోకు పట్టుకుని. ఒంటి మీద ఒక్క నీటిచుక్క లేదు.

"కాపలానా?" అంది ఆరా మెట్టెక్కుతూ.

"ఏంటండీ?"

"ముఠాలో మీ డ్యూటీ. మావయ్య ఆడవాళ్లని మాటల్లో పెడతాడు, మీరు షాపు సొంతమా అద్దెదా అని కనుక్కుంటారు. ఇది ఎన్నో కేసు?"

అతను మోకు వదిలి లేవబోయి మళ్లీ పట్టుకున్నాడు. "ముఠా మాదా? మీ పిన్నే మా మావయ్యని వల్లో వేసుకుంది. రెండు నెలలుగా మనిషి ఇంట్లో నిలవట్లేదు. కొత్త చొక్కాలు, తలకి రంగు. అడిగితే ఈత కొలనులో పనుందంటాడు."

"ఈత కొలనులో ఏం పని?"

"ఆయన అక్కడ కోచ్."

ఆరా మెట్టు మీద కూలబడింది. నడుం నొప్పి, ఈత, మూసిన షాపు అన్నీ వరసగా వచ్చి తమ తమ చోట్లలో కూర్చున్నాయి.

"మా అమ్మ పంపిందండీ," అన్నాడతను, గొంతు తగ్గించి. "మావయ్య ఆవిడకి అన్న. ఇంతకుముందు ఒకావిడ ఇలాగే పెళ్లిదాకా తెచ్చి, చెప్పాపెట్టకుండా మాయమైపోయింది. ఆ తర్వాత చాన్నాళ్లు ఆయన మనిషిలో మనిషి కాదు. అన్నం ముందు కూర్చుని అలా ఉండిపోయేవాడు. అందుకే అమ్మ, నువ్వు వెంట వెళ్లు, ఆవిడెలాంటిదో చూసి రా అంది. నాకు నీళ్లంటే భయమన్నా వినలేదు."

"భయమా?"

"లిఫ్టయితే ఎన్నో అంతస్తునైనా తాడు పట్టుకుని దిగుతాను. ఇక్కడ కింద ఏముందో తెలీదు కదా."

అతను నిజమే చెబుతున్నాడని ఆరాకు అర్థమైంది. అబద్ధం చెప్పేవాళ్లు తమ భయాన్ని అంత తేలిగ్గా బయటపెట్టరు. అయినా ఆమె అంత సులభంగా వదలదు.

"మీ మావయ్య మంచివాడనుకుందాం. మరి దాపరికం ఎందుకు? పైన చూపులు కూడా కలవవు, కింద చేతులు వదలరు."

"అదే నా ప్రశ్న. మీ పిన్ని మంచిదైతే దాపరికం ఎందుకు?"

ఇద్దరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. దూరంగా రెండు గొట్టాలు పక్కపక్కన తేలుతూ దిబ్బ అవతలికి వెళ్లిపోయాయి.

"దీవిలో మీరు ఆయన మీద కన్నేసి ఉంచండి. నేను పిన్ని మీద," అంది ఆరా.

"సరే. మరి మీ మీద ఎవరు?"

"నా మీదెందుకు?"

"ఊరికే," అన్నాడతను. ఈసారి నవ్వు ఆపుకోలేదు.

*

దీవి చిన్నది. తెల్లటి ఇసుక, కొబ్బరిచెట్లు, భోజనాలకు ఒక రేకుల షెడ్డు. పడవ ఒడ్డుకు కొంచెం దూరంలో ఆగింది. అందరూ నడుంలోతు నీళ్లలో దిగి నడిచారు. బూట్ల అబ్బాయి ప్యాంటు మడిచి, కళ్లు మూసుకుని, ఆరా భుజం మీది సంచి పట్టుకుని ఒడ్డెక్కాడు. ఎక్కాక సంచి వదిలి, "సంచి బరువుగా ఉందేమోనని," అన్నాడు.

"మోసినందుకు థాంక్స్," అంది ఆరా.

భోజనాల దగ్గర పిన్ని ఒక మూల, మావయ్య ఇంకో మూల. ఆరా, బూట్ల అబ్బాయి మధ్యలో బల్ల దగ్గర కూర్చున్నారు, ఇద్దరూ కనబడేట్టు. నిఘా కాసేపు బాగానే సాగింది. కాకపోతే నిఘా పెట్టేవాళ్లు ఊరికే కూర్చుంటే అనుమానం వస్తుంది కాబట్టి మాట్లాడుకోవాలి.

"లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు తలుపు తీయగానే మీకు ఏం చెప్తారు?" అంది ఆరా.

"తిడతారు. ఒక ముసలాయన మాత్రం, ఇంకో పది నిమిషాలు ఆగి రాకూడదా అన్నాడు. లోపల ఎవరో ఆవిడతో కబుర్లు మంచి రసపట్టులో ఉన్నాయట."

ఆరా ఫక్కున నవ్వింది. ఆమె అలా నవ్వి చాలా రోజులైంది. ఆఫీసులో నవ్వితే ఎదుటివాడు తన కథ నమ్మారనుకుంటాడు.

"మీకు అందరూ దొంగల్లాగే కనిపిస్తారా?" అన్నాడతను.

"అందరూ కాదు. ఎక్కువ మంది."

"నేను?"

"విచారణలో ఉన్నారు."

అతను ప్లేటులోని బొప్పాయి ముక్కను ఫోర్కుతో అటూ ఇటూ జరిపాడు. "విచారణ ఎన్నాళ్లు సాగుతుంది?"

ఆరా ఏదో చురుక్కుమనే జవాబు చెప్పబోయి, అతని మొహం చూసి మర్చిపోయింది. ఆ మర్చిపోయిన మాట కోసం వెతుక్కుంటూ పక్కకు చూసింది. పిన్ని కూర్చున్న మూల ఖాళీగా ఉంది. గిర్రున రెండో మూలకు తిరిగింది. అదీ ఖాళీయే.

"మీరు మాటల్లో పెట్టారు," అంది లేస్తూ.

"నేనా? లిఫ్టుల గురించి అడిగింది ఎవరు?"

అప్పుడే వాన మొదలైంది. సముద్రం అవతల ఎక్కడో పుట్టిన మబ్బు చెప్పకుండా వచ్చి మీదపడింది. ముందు నాలుగు చినుకులు, ఆ తర్వాత చూరు విరిగినట్టు ధార. పడవ నుంచి హారన్ మోగింది. గాలి పెరగకముందే బయల్దేరాలని, అందరూ వెంటనే పడవెక్కాలని కెప్టెన్ గట్టిగా కేకేశాడు. జనం పరుగెత్తారు. ఎక్కినవాళ్లను చూసుకుంటే ఇద్దరు తగ్గారు. ఏ ఇద్దరో చెప్పక్కర్లేదు.

"ఎక్కువసేపు ఆగలేనమ్మా," అన్నాడు కెప్టెన్. "తొందరగా తీసుకురండి."

*

దీవి వెనక వైపు దారి రాళ్లతో నిండి ఉంది. ఆరా ముందు, అతను వెనక. ఫోన్ పడవ వాళ్లకి ఇచ్చి వచ్చాడు, బూట్లు ఎక్కడో వదిలేశాడు. వాన మొహాన కొడుతోంది.

"లేచిపోయారంటారా?" అన్నాడతను.

"దీవిలోంచి ఎక్కడికి లేచిపోతారు?" అని కసిరింది ఆరా. రెండు అడుగులు వేసి ఆగింది. "మళ్లీ నీళ్లలోకి దిగారేమో. పిన్ని ఈత నేర్చుకుని నాలుగు రోజులు కాలేదు."

అతను ఆమెను దాటి ముందుకొచ్చి, జారే రాయి మీద నిలబడి చేయి చాచాడు. ఆరా ఆ చేతిని ఒక క్షణం చూసి పట్టుకుంది. రాళ్లు దాటాక కూడా వదలడం ఇద్దరికీ గుర్తు రాలేదు.

మలుపు తిరిగితే ఇసుకలో బోర్లించిన పాత పడవ ఒకటి, దాని మీద కట్టిన టార్పాలిన్. దాని కింద ఇద్దరున్నారు. ఆరా అడుగు ఆపేసింది.

పిన్ని కాలు ఆయన ఒళ్లో ఉంది. నీళ్లలో నడుస్తుంటే నల్లటి ముళ్ల బంతి లాంటి సముద్రపు ప్రాణి మీద అడుగు పడినట్టుంది, పాదమంతా వాచింది. ఆయన వంగి గోళ్లతో ఒక్కొక్క ముల్లూ తీస్తున్నాడు. పిన్ని ఏడుస్తోంది. నొప్పికైతే కాదు. పిన్ని నొప్పికి ఏడవడం ఆరా ఎప్పుడూ చూడలేదు.

"ఇవాళ చెప్తానన్నావు," అంటున్నాడాయన.

"చెప్దామనే తీసుకొచ్చాను. రావద్దంటే తప్పకుండా వస్తుందని వద్దన్నాను. సముద్రం మధ్యలో అయితే లేచి వెళ్లిపోలేదు కదా అనుకున్నాను. పొద్దుట్నుంచి దాని మొహం చూస్తే నోరు పెగల్లేదు."

"మరి నేనేం చేయను?"

"దానికి ఇష్టం లేకపోతే నేను రాను. ఇప్పుడే చెప్తున్నాను. నాకు అదొక్కతే. దానికి నేనొక్కదాన్నే. పెళ్లి చేసుకున్నానని అది ఆ ఇంట్లో ఒంటరిగా కూర్చుని అన్నం తింటుంటే, నాకు ముద్ద దిగదు."

ఆయన ముల్లు తీయడం ఆపలేదు. "సరే. అయితే ఇలాగే ఈదుదాం. ముసలివాళ్లమయ్యేదాకా," అన్నాడు.

ఆరా టార్పాలిన్ బయటే వానలో తడుస్తూ నిలబడింది. ఇంతకాలం పిన్ని సంబంధాలు వద్దనుకున్నది తన చదువు కోసమని తెలుసు. ఇప్పుడు కూడా అడ్డం తనేనని తెలియదు. తను ఈ పెద్దాయనను అనుమానించింది మోసగాడని మాత్రమే కాదు. పిన్నిని తీసుకుపోతాడని. ఆ సంగతి ఆమెకు ఆ వానలో, ఆ క్షణంలో తెలిసింది. చేతిలో ఉన్న చేయి మెల్లగా నొక్కింది. వెళ్లండి అన్నట్టు.

ఆరా వెళ్లి టార్పాలిన్ కింద దూరింది. పిన్ని ఉలిక్కిపడి కళ్లు తుడుచుకుంది.

"నువ్వు మాట్లాడకు పిన్నీ. నేను ఈయన్ని కొన్ని ప్రశ్నలు అడగాలి."

"అడుగమ్మా," అన్నాడాయన. లేవలేదు, ఒళ్లో కాలు ఉంది కాబట్టి.

"పిన్నికి కోపం వస్తే ఏం చేస్తుంది?"

"ఏమీ అనదు. కళ్లద్దాలు తీసి తుడుస్తుంది. మురికి లేకపోయినా."

"బాధ వస్తే?"

"అదీ అంతే. తుడుస్తుంది. కాకపోతే మళ్లీ పెట్టుకోదు, చేతిలోనే ఉంచుకుంటుంది. ఎదుటివాళ్ల మొహం స్పష్టంగా కనబడకూడదని."

ఆరా పిన్ని చేతిలోకి చూసింది. కళ్లద్దాలు అక్కడే ఉన్నాయి. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి ఆ రెండో సంగతి తను గమనించలేదు.

ఇంకా అడగాలని చాలా ఉంది. ఉద్యోగం, ఆరోగ్యం, ఆ పాత వ్యవహారం. ఏదీ నోటికి రాలేదు. పిన్ని చేతిలోంచి కళ్లద్దాలు తీసుకుని, తడిసిన బట్టల అంచుతో తుడవడం కుదరక అలాగే ఆమె ముక్కు మీద పెట్టింది.

"నా మొహం స్పష్టంగా చూడు పిన్నీ. ఇష్టం లేనట్టుందా?"

పిన్ని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఆరా మెడ చుట్టూ చేతులు వేసి, పసిపిల్లలా భుజం మీద తల పెట్టేసింది.

"అన్నం మాత్రం ముగ్గురం కలిసే తింటాం. వారానికి సగం రోజులైనా," అంది ఆరా.

"నాలుగో కంచం పెట్టొచ్చా?" అన్నాడు వెనకనుంచి బూట్ల అబ్బాయి. వాననీళ్లు ముక్కు చివర నుంచి కారుతున్నాయి. "అంటే, అప్పుడప్పుడు. మావయ్యకి తోడుగా."

హారన్ మళ్లీ మోగింది.

*

పిన్ని నడవలేకపోయింది. మావయ్య, మేనల్లుడు చేతులు పెనవేసి కుర్చీలా చేసి ఆమెను ఎత్తుకున్నారు. ఒడ్డున అలలు పెరిగాయి. పొద్దున నడుందాకా ఉన్న నీళ్లు ఇప్పుడు ఛాతీ దాకా వచ్చాయి. బూట్ల అబ్బాయి అంచున ఒక్క క్షణం ఆగాడు. మొహం పాలిపోయింది. ఆరా అతని చొక్కా కాలరు వెనకనుంచి పట్టుకుంది.

"నన్ను వదలకండి," అన్నాడు.

"మీరు మా పిన్నిని వదలకండి."

అతను దిగాడు. ఒక అల మొహం మీద విరిగింది, ఇంకొకటి. నోట్లోని నీళ్లు ఉమ్మేస్తూ, కళ్లు తెరిచే నడిచాడు. పిన్నిని జారిపోనివ్వకుండా నిచ్చెనదాకా తెచ్చాడు. పడవలో జనం చప్పట్లు కొట్టారు. కెప్టెన్ విసుక్కుని ఇంజన్ స్టార్ట్ చేశాడు.

సాయంత్రానికి మబ్బు తేలిపోయింది. పిన్ని, మావయ్య ఇప్పుడు పక్కపక్కనే కూర్చున్నారు. దాచవలసిన పని లేక చేతులు ఏం చేయాలో తెలియనట్టు ఒళ్లో పెట్టుకున్నారు. పిన్ని మొహం మీద అల్లరి తిరిగి వచ్చింది.

"ఇదిగో, ఒక సంగతి. ఈయన నీకు బాబాయి అవుతారు. బాబాయి చెల్లెలి కొడుకు నీకేమవుతాడు?" అంది, అందరికీ వినబడేట్టు.

ఆరా మనసులో లెక్క వేసింది. వేసి ఇంకోసారి వేసింది. లెక్క మారలేదు. లేచి వల మీదికి వెళ్లిపోయింది.

కాసేపటికి అతనూ వచ్చి, వల తాళ్లు గట్టిగా పట్టుకుని, కింద పరిగెత్తే నీళ్లను చూడకుండా కూర్చున్నాడు.

"పిలుస్తారా?" అన్నాడు.

"ఏమని?"

"బావ అని."

"వరస కుదిరింది కదా అని చనువు తీసుకుంటున్నారా? నాకు అనుమానంగానే ఉంది."

"వరస ఇప్పుడు కుదిరింది. నాకు మధ్యాహ్నమే వచ్చింది తంటా. మీరు నన్ను ముఠాలో కాపలావాడన్నప్పుడు."

"తిడితే ఇష్టపడ్డారా?"

"తిట్టినందుకు కాదు. ఒంటినిండా నీళ్లు కారుతూ, దగ్గుతూ, పిన్ని కోసం ఒక ముఠా మొత్తంతో ఒక్కరే తగువుకొచ్చారు చూడండి, అందుకు." అతను తాళ్లు వదిలి, అరచేతులు ఒకసారి చూసుకుని మళ్లీ పట్టుకున్నాడు. "అమ్మ నన్ను మీ పిన్ని మీద కన్నేసి ఉంచమని పంపింది. ఆ తర్వాత నా కన్ను ఒక్కసారి కూడా అటు పోలేదు. కావాలంటే ఫోన్ చూడండి."

ఆరా చేయి చాచింది. అతను ఫోన్ ఇచ్చాడు. మొదట పిన్ని ఫోటో ఒకటి, వంకరగా. తర్వాత అన్నీ ఆరావే. తడి జుట్టు పిండుకుంటూ, సంచి మోస్తూ, ఫక్కున నవ్వుతూ. ఆ నవ్వు ఫోటో దగ్గర ఆమె వేలు ఆగింది. తను అలా ఉంటుందని ఆమెకు తెలియదు.

"అనుమతి లేకుండా తీశారు," అంది.

"తప్పే. తీసేయండి."

ఆమె తీసేయలేదు. ఫోన్ తిరిగి ఇచ్చేసి, నీళ్లవైపు తిరిగింది. "నేను ప్రతిదానికీ ఆరా తీస్తాను. ఎక్కడికెళ్లావు, ఎవరితో, ఎందుకు ఆలస్యమైందని. మనిషి విసిగిపోతాడు."

"నేను రోజంతా జనాన్ని ఇరుక్కున్నచోటు నుంచి బయటికి తీస్తాను. మీరు ప్రశ్నలతో నన్ను ఇరికిస్తే, బయటికెలా రావాలో నేను చూసుకుంటాను."

"రాకపోతే?"

"ఇంకో పది నిమిషాలు ఆగి రమ్మంటాను."

ఆరా నవ్వింది, ఈసారి మొహం పక్కకు తిప్పుకోకుండా. "విచారణ ఇంకా పూర్తికాలేదు. రేపు సాయంత్రం షాపు దగ్గరికి రా. మిగిలిన ప్రశ్నలు అడగాలి."

"రా" అన్న మాట ఇద్దరూ విన్నారు. ఇద్దరూ విననట్టే ఊరుకున్నారు.

రేవు దగ్గర దీపాలు వెలిగాయి. ఒడ్డున ఒక పెద్దావిడ గొడుగు కర్రలా పట్టుకుని నిటారుగా నిలబడి ఉంది. పడవ ఆగకముందే ఆవిడ చూపు ఒక్కొక్కరి మీదా పాకింది. కుంటుతున్న పిన్ని మీద, ఆమెకు భుజం ఆసరా ఇస్తున్న అన్న మీద, కాళ్లకు బూట్లు లేని కొడుకు మీద. చివరికి ఆ కొడుకు పక్కన దిగిన అమ్మాయి మీద ఆగిపోయింది. ఆరాకు ఆ చూపు బాగా తెలుసు. రోజూ అద్దంలో చూస్తుంది.

"మా అమ్మ," అన్నాడతను గొణిగినట్టు. "ఇప్పుడు రిపోర్టు అడుగుతుంది."

"నువ్వు ఆగు," అని ఆరా ముందుకు నడిచింది.

"నువ్వెవరమ్మాయ్?" అంది పెద్దావిడ.

"మీరు నాకు అత్తయ్య అవుతారండి."

పెద్దావిడ కళ్లు చిన్నవయ్యాయి. అన్నను చూసింది. పిన్నిని చూసింది. తడిసి ముద్దయిన కొడుకు వెర్రి నవ్వునూ చూసింది. గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారింది.

"ఏ వరసన?" అంది.

"రెండు వరసలున్నాయండి," అంది ఆరా. "పెద్దవాళ్లది ముందు చెప్తాను."